అతిశయోక్తి నుండి కొలమానానికి: ‘సైజ్ జీరో’ చిత్రంలో స్త్రీ దేహం

నాయికకు నడుము ఉందా లేదా అన్న సందేహం ప్రబంధాల్లో ఒక కవిసమయం. నడుమును ఆకాశంతో, శూన్యంతో పోల్చడం పరిపాటి. ఆ దృష్టితో చూస్తే ‘సైజ్ జీరో’ భావన పూర్తిగా దిగుమతి సరుకు కాదు. అయితే అది అతిశయోక్తి అని ప్రబంధ పాఠకుడికి తెలుసు. నడుము సన్నదనాన్ని చెప్పిన కవే తక్కిన అవయవాల నిండుదనాన్నీ చెప్పాడు. ఆ వర్ణన పురుషదృష్టి నుండి పుట్టిందే. అందులో వివాదం లేదు. కాని అలంకారానికి అంగుళాలు ఉండవు. ఛాయాచిత్రం, సినిమా, వాణిజ్య ప్రకటన కలిసి ఆ అలంకారాన్ని అంకెగా మార్చాయి. తెరపై కనిపించేది నిజమైన దేహమన్న నమ్మకం వల్ల దిద్దిన బొమ్మ కూడా సాక్ష్యంగా చలామణి అవుతుంది.

ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వంలో 2015లో విడుదలైన ‘సైజ్ జీరో’ ఈ కొలమానాన్ని నేరుగా ప్రశ్నించిన అరుదైన తెలుగు చిత్రం. లావుగా ఉన్న స్వీటీ, ఆమె పెళ్లి కోసం ఆరాటపడే తల్లి రాజేశ్వరి, త్వరగా సన్నబరుస్తామని నమ్మించే క్లినిక్ యజమాని సత్యానంద్ ఇందులో ముఖ్యపాత్రలు. ఆ చికిత్స వల్ల స్నేహితురాలి ఆరోగ్యం దెబ్బతినడంతో స్వీటీ ఉద్యమిస్తుంది. ఉద్దేశం మెచ్చదగినదే. చిక్కంతా చిత్రం చుట్టూ అల్లిన ప్రచారంలో ఉంది.

ఈ పాత్ర కోసం అనుష్క దాదాపు 20 కిలోల బరువు పెరగడమే ఆ ప్రచారంలో ప్రధానాంశమైంది. అంటే స్వీటీ దేహం ఒక వేషం, నటి చేసిన సాహసం. వేషం తీసేస్తే ‘అసలు’ అనుష్క ఉందన్న భరోసాతోనే ప్రేక్షకుడు టిక్కెట్టు కొన్నాడు. సహజంగా లావుగా ఉన్న నటీమణులకు మన సినిమా చాలాకాలంగా కేటాయించింది హాస్యపాత్రలనే. చిత్రం చూసి ఇంటికి వెళ్లిన లావుపాటి కళాశాల విద్యార్థినికి తీసేయడానికి వేషమేమీ లేదు.

దృశ్యానికి ఇంత శక్తి ఉందా అన్న ప్రశ్నకు ఫిజీ దీవుల ఉదాహరణ ఉపయోగపడుతుంది. దిట్టమైన దేహాన్ని ఆదరించే ఆ సమాజంలో టెలివిజన్ ఒక ప్రాంతానికి 1995లో చేరింది. ఆన్ బెకర్ బృందం అక్కడి పాఠశాల బాలికలను ఆ ఏడాది, తిరిగి 1998లో పరిశీలించింది. ఆహారం పట్ల అస్వస్థ ధోరణిని సూచించే స్థాయిలో మార్కులు వచ్చినవారు 12.7 శాతం నుండి 29.2 శాతానికి పెరిగారు. రెండుసార్లూ పరిశీలించినది ఒకే బాలికలను కాదు, సంఖ్య కూడా చిన్నదే. కనుక టెలివిజన్ ఒక్కటే కారణమని తేల్చడం తొందరపాటు. అయినా ఈ తేడాను కొట్టిపారేయలేం.

జయప్రభ ‘చూపులు’ కవిత తిరగబడింది పరాయి చూపుల మీద. అంకె మనసులో నాటుకున్నాక చూపు అద్దంలోంచి, తూనిక యంత్రం మీద నుండి వస్తుంది. దానిని ఎదుర్కోవడానికి పాత స్త్రీవాద పరికరాలు కొంతవరకే పనికొస్తాయి.

అందుకే ఈ చిత్రంలో విశ్లేషణకు ఎక్కువ తావిచ్చే పాత్ర సత్యానంద్ కాదు, రాజేశ్వరి. కథనం ఆమె ఆరాటాన్ని హాస్యంగా మలిచింది. నిజానికి ఆమె చదువుతున్నది పెళ్లి ప్రకటనల్లో తెల్లగా, నాజూగ్గా ఉండాలని కోరే అక్షరాలనే. కూతురి బరువు ఆమెకు ఆరోగ్యసమస్య కాదు, సంబంధం తప్పిపోయే ప్రమాదం. క్లినిక్‌కు గిరాకీ పుట్టేది అక్కడే. వ్యాపారిని ఓడించిన చిత్రం ఆ గిరాకీ జోలికి వెళ్లలేదు. స్వీటీ కథను కూడా పెళ్లి వైపే నడిపించింది.