మరో జత కళ్లు

ఈ వారం కలకత్తా లేక్ మార్కెట్‌లో కూరలు కొంటుంటే తెలిసిన పెద్దాయన ఒకరు ఆపి, "ఇన్నేళ్లు నెట్టుకొచ్చారు, ఇక మీకు భయమేముందండీ!" అన్నారు. ప్రేమతో అన్న మాటే కానీ నాకు మింగుడుపడలేదు. నాలా కొలోస్టమీతో, అంటే పొట్టమీద తెరిచిన పేగు నోటికి సంచి తగిలించుకుని, బతికేవాడికి కావలసింది గుండెధైర్యం కాదు, చూపు. ఈ మాట నేనెన్నిసార్లు రాశానో పాత పాఠకులకు తెలుసు.

సంచి మార్చిన ప్రతిసారీ స్టోమాను, అంటే ఆ పేగు నోటిని, చూసుకోవాలి. ఎర్రగా, తడిగా ఉంటే క్షేమం. తుడిచేటప్పుడు కాస్త నెత్తురు కనబడి ఆగిపోతే కంగారు అక్కర్లేదు, అక్కడి పొర అంత సున్నితం. కలకత్తా ఉక్కకు జిగురు ఊడి చర్మం ఒరిసిపోతుంటే సంచి రంధ్రం కొలత సరిచూసుకోవాలి. కానీ స్టోమా నీలంగానో నల్లగానో మారినా, నెత్తురు ఆగకపోయినా, విరేచనం నిలిచిపోయి కడుపు ఉబ్బి వాంతులు మొదలైనా తెల్లారేదాకా ఆగకూడదు. స్టోమాకు నొప్పి తెలియదు. "నొప్పి లేదుగా" అని ఊరుకోవడమే ప్రమాదం.

చూపు అనగానే నాకు డెన్మార్క్ నర్సు ఎలీసె సోరెన్‌సెన్ గుర్తొస్తుంది. ఆమె సోదరి థోరా ఆపరేషన్ అయ్యాక, నలుగురిలో ఎక్కడ కారుతుందోనని గడప దాటడం మానేసింది. ఒంటికి జిగురుతో అంటుకునే సంచి చేస్తే ఎలా ఉంటుందని 1954లో ఎలీసెకు తట్టింది. ప్లాస్టిక్ వస్తువులు చేసే ఆగె లూయీ-హాన్సెన్ మొదట ఆసక్తి చూపలేదు. నర్సే అయిన ఆయన భార్య యోహానె పట్టుబట్టాక ఒప్పుకున్నాడు. 1957లో కోలోప్లాస్ట్ కంపెనీ అలా పుట్టింది. ఇవాళ మనం వాడే సంచుల వెనుక ఉన్నది ఆ ఆలోచనే.

ఇది రాస్తుంటే ఇన్నాళ్లూ తట్టని సంగతి ఒకటి తోచింది. థోరా దిగులుకు దారి వెతికింది థోరా కాదు, పక్కనుండి గమనించిన మనిషి. రోజూ చూసే కళ్లకు నెమ్మదిగా వచ్చే మార్పు ఆనదు. స్టోమా పక్కన హెర్నియా కొద్దికొద్దిగానే ఉబ్బుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ అది వచ్చే అవకాశమూ పెరుగుతుంది. మనం మాత్రం ఒళ్లొచ్చిందనుకుంటాం. కొత్త రోగిని భయం కాపాడుతుంది, పాత రోగిని అలవాటు ఏమారుస్తుంది.

అందుకే సొంత చూపు ఒక్కటే చాలదు. ఏ బాధా లేకపోయినా ఏడాదికోసారి సర్జన్‌కో స్టోమా నర్సుకో చూపించుకోండి. ఇంట్లో ఒక్కరికైనా సంచి మార్చడం నేర్పండి. 1950 నుంచీ చిత్తరంజన్ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్న ఊరు మనది. చూసేవాళ్లున్నారు, సిగ్గుపడి దాచుకోకండి.