బెరెట్ దుఃఖము

ఓలే రోల్వాగ్ 1896లో నార్వే విడిచి అమెరికా చేరినవాఁడు. ఆయన మాతృభాషలో వ్రాయఁగా 1927లో ఆంగ్లమున వెలువడిన ‘జెయింట్స్ ఇన్ ది ఎర్త్’ నవలను సాహసగాథగా మెచ్చువారు పలువురు. మాకు మాత్ర మది బెరెట్ అను నిల్లాలి కథగాఁ దోఁచినది.

1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టమువలన, అయిదేండ్లు కాపురముండి సాగుచేసినవానికి 160 ఎకరములు దక్కెడివి. ఆ యాశతో నామె భర్త పెర్ హాన్సా 1873లో డకోటా మైదానమున మట్టిపెళ్ళలతో నిల్లు కట్టెను. అతనికిఁ గనుచూపుమేర భాగ్యమే. ఆమెకో, దాఁగుటకుఁ జెట్టయిన లేని బయలు. మిడుతలదండు పంటపైఁ బడిననాఁడు, పిల్లలతోఁగూడ, పుట్టినదేశమునుండి తెచ్చిన పెట్టెలో దూరి మూఁతవేసికొన్నది. ఇట్టి ఘట్టము వ్రాయుటకు గుండెదిటవు గావలయును.

ఆమెది వట్టి మతిభ్రమ యని త్రోసివేయుట న్యాయముగాదు. పరుల హద్దుకొయ్యలను భర్త రహస్యముగాఁ బెఱికివేయఁగా, పొరుగువా రతని నేర్పును బొగడిరి. పాపమని తల్లడిల్లిన దామె యొక్కతెయే.

లోపమును జెప్పవలయును. పొలముచెంత మిట్టపై ఆదివాసుల సమాధి యున్నదని చెప్పియు, ఆ నేల మొదట నెవరిదను ప్రశ్నను రచయిత లోతుగాఁ బరిశీలింపలేదు. హద్దుకొయ్యల విషయమున నంత సూక్ష్మముగాఁ జూచిన కలమునకు సమాధియొద్ద నింత తొందర యేల?