తాడు ఎవరు పట్టుకుంటారు?

నంద్యాల జిల్లా శ్రీశైలంలో చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం ఉంది. బడిపిల్లలను తీసుకెళ్లి చూపించాల్సిందే. అక్కడ విల్లంబులున్నాయి. అయితే అదే విల్లు ఆళ్లగడ్డ దగ్గర అహోబిలంలో వేరుగా కనిపిస్తుంది. కనుమనాడు మొదలయ్యే పారువేటలో చెంచులు స్వామి పల్లకీపై బాణాలు వేస్తారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహుడు మనకు అల్లుడు. ఆ బాణంలో చుట్టరికం ఉంది. అద్దాల పెట్టెలో విల్లు మిగులుతుంది, చుట్టరికం మిగలదు.

తేనె తాడూ అంతే. కొండచరియ దిగేవాడి తాడును బావమరిది పట్టుకుంటాడు. తాడును గోడకు తగిలించవచ్చు. ఆ నమ్మకాన్ని ఎలా తగిలిస్తారు?

ఆస్ట్రేలియాలోని పపున్యాలో 1971లో ఆదివాసీ పెద్దలు బడి గోడపై తమ తేనెచీమల కథను గీశారు. తర్వాత అధికారులు దానిపై రంగు కొట్టించారు. కానీ 1972లో ఆ చిత్రకారులు పెట్టుకున్న సొంత సంస్థ పపున్యా తులా నేటికీ ఆదివాసులదే. గోడ మీది బొమ్మ పోయినా గీసే చెయ్యి నిలిచింది.

మ్యూజియం వద్దని మేం అనడం లేదు. గూడెంలో కూడా ఒక ఇల్లు కావాలంటున్నాం. అక్కడ పెద్దలు తాడు పేనాలి, పిల్లలు నేర్చుకోవాలి, తాళంచెవి గూడెం చేతిలోనే ఉండాలి.