రాత్రిపూట బడిని చూశారా?

మా బడికి తనిఖీకి వచ్చిన అధికారులందరూ పగలే వచ్చారు. గోడల రంగు చూశారు, బల్లలు లెక్కపెట్టారు, పిల్లలతోపాటు నాలుగు ముద్దలు తిన్నారు. రిజిస్టరులో సంతకం పెట్టి, చీకటి పడకముందే కొండ దిగిపోయారు. ఆశ్రమ పాఠశాల అసలు సంగతి తెలిసేది ఆ తరువాతే. విశాఖ మన్యంలో అలాంటి బడిలోనే నేను మూడు నుంచి పది వరకు చదివాను. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాను. బడి భవనాల గురించి చూసి వెళ్లినవాళ్లు చాలా రాశారు, అందులో పడుకుని లేచినవాళ్లు రాసింది తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

సాయంత్రమైతే మా తరగతి గదే మా పడకగది. బల్లలు ఒక మూలకు జరిపి, చాపలు పరిచి, గోడ వెంట ట్రంకుపెట్టెలు పేర్చుకునేవాళ్లం. పొద్దున చాపలు చుట్టి బల్లలు సర్దితే అది మళ్లీ తరగతి అయ్యేది. తడి బట్టలు కిటికీ ఊచలకే ఆరేవి. జ్వరం వచ్చినవాడు వేరే చోటు లేక, పాఠం జరుగుతుండగానే వెనక మూల దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. వాన పెద్దదైతే రేకుల మోతకు మాస్టారి మాట వినిపించేది కాదు. ఆయన బోర్డు మీద రాసేవారు, మేం చూసి రాసుకునేవాళ్లం. మన్యంలో వానాకాలం అంటే నెలల తరబడి. ఆ మోతలో ఎన్ని పాఠాలు పోయాయో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

2009లో విద్యా హక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. బడికి ఏమేం ఉండాలో అందులో రాసి ఉంది. అన్ని కాలాలకూ తట్టుకునే భవనం, టీచరుకు ఒకటి చొప్పున తరగతి గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ గోడ. మంచి జాబితానే. కానీ అది పొద్దున వచ్చి సాయంత్రం అమ్మ దగ్గరకు పోయే పిల్లల కోసం రాసిన జాబితా. పడుకునే గది, స్నానాల గది, జబ్బు చేసిన పిల్లలకు విడి గది అందులో లేవు. మనకు బడే ఇల్లు. ఇంటిని పగటి కొలతతో కొలిస్తే ఎలా?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న నాడు-నేడు, తెలంగాణలో 2022 మార్చి 8న మన ఊరు-మన బడి మొదలయ్యాయి. చాలా బళ్ల ముఖం మారింది, కాదనను. నా విమర్శ లెక్కల మీద. మా బడిలోనూ మరుగుదొడ్లు కట్టారు, కాగితం మీద అవి ఉన్నాయి. ఎండాకాలం ఊట తగ్గితే ట్యాంకు ఎండిపోయేది, తలుపులకు తాళాలు పడేవి. మేం గెడ్డకు పోయేవాళ్లం. ఆడపిల్లలు చీకటి ఉండగానే లేచి గుంపుగా పోయేవారు. నెలసరి రోజుల్లో కొందరు ఇంటికి వెళ్లి వారం తరువాత వచ్చేవారు. మా తరగతిలో ఇద్దరు మళ్లీ రాలేదు. వాళ్ల పేర్ల పక్కన 'డ్రాపవుట్' అని రాశారు. నీళ్లు లేక మానేశారని రాయడానికి ఆ పట్టీలో గడి లేదు.

మన పెద్దల ఇళ్లు చూడండి. ఎత్తైన అరుగు, మందపాటి మట్టిగోడ, కిందికి దిగిన చూరు. వాన జల్లు లోపలికి కొట్టదు, చలి గోడ దాటదు. ఈ కొండల సంగతి తెలిసిన చేతులు కట్టిన ఇళ్లవి. మా బడి కట్టేముందు ఆ చేతులను ఎవరూ ఒక్క మాట అడగలేదు. మైదానంలో గీసిన ప్లానే కొండెక్కింది. చలికాలం ఆ గచ్చు మీద చాప వేసుకుని పడుకుంటే తెల్లవార్లూ ఒళ్లు వెచ్చబడేది కాదు.

"భవనంలో ఏముంది, మంచి మాస్టారు ఉంటే చెట్టు కిందైనా చదువు వస్తుంది" అంటారు కొందరు. ఆ మాట అనేవాళ్లు తమ పిల్లలను చెట్టు కింద కూర్చోబెట్టడం నేను చూడలేదు. మంచి మాస్టారు కావాలి, నిజమే. ఆ మాస్టారు కొండ మీద నిలబడాలంటే ఆయనకూ తల దాచుకునే గది కావాలి. మా బడిలో ఆ గది లేదు. ఆఖరి జీపు అందుకోవడానికి చివరి పీరియడు సగంలోనే ఆగిపోయేది.

మాస్టార్లకూ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. అదే చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది ఆ కమిటీయే. మన గూడేల్లో చాలాచోట్ల మన అమ్మానాన్నలు వేలిముద్ర వేసి వస్తున్నారు, కాగితంలో ఏముందో వాళ్లకు చదివి చెప్పేవాళ్లు లేరు. చదువుకున్న మనం ఆ పని చేద్దాం. స్నానాల గది ఎక్కడ కట్టాలో ఆడపిల్లలను అడుగుదాం. ఏ నెలలో నీళ్లు అందవో, ఏ గది కురుస్తుందో, ఒక గదిలో ఎందరు పడుకుంటున్నారో తేదీ వేసి రాద్దాం. ఈసారి తనిఖీకి వచ్చినవారికి ఆ కాగితం ఇచ్చి, ఒక్క రాత్రి ఇక్కడ ఉండి వెళ్లండి అని అడుగుదాం. చాప మనమే పరుద్దాం.