సోడంబలి పులుపు

అంబలికీ జావకీ తేడా ఒక రాత్రి. రాగిపిండిని నీళ్లలో కలిపి ఉడికించి అప్పటికప్పుడు తాగితే జావ. అదే పిండిని ముందురోజు నానేసి, పులియనిచ్చి, నూకలతో ఉడికించి, చల్లారాక మజ్జిగ పోసుకుని తాగితే అంబలి. పట్నాల్లో బళ్ల మీద అంబలి పేరుతో అమ్ముతున్నది చాలాచోట్ల జావే. పులిసినది కావాలంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లె రోడ్లెక్కాలి.

రాజాం నుంచి పాలకొండ వెళ్లే దారిలో, తాటాకు పాక వేసిన చిన్న హోటల్ దగ్గర ఇడ్లీ కోసం ఆగాను. పొద్దెక్కింది. "టిపినీ అయిపోనాది బాబూ. సోడంబలుంది, తాగుతారేటి?" అంది అక్కడి పెద్దావిడ. రాగులు ఆ ప్రాంతంలో చోళ్లు, నోటిమాటలో సోళ్లు. స్టీలు చెంబు నిండా పోసి, ఒక ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, చిటికెడు ఉప్పు చేతిలో పెట్టింది. పక్క బల్ల మీద కూలిపనికి పోయేవాళ్లు ఎండు నెత్తళ్లు నంజుకుంటూ తాగుతున్నారు. మొదటి గుక్కలో పులుపు తెలిసింది. మజ్జిగ పులుపు కాదది, ధాన్యంలోంచి వచ్చినది. దాని వెనక చోడిపిండి కమ్మదనం, అడుగున మెత్తబడిన నూకలు. హోటళ్లలో దొరికే తిండిలో ఇంత నిండైన రుచి నేను అరుదుగా చూశాను.

ఎలా చేస్తారని అడిగితే పని ఆపకుండానే చెప్పింది. పిండిని చన్నీళ్లలోనే కలపాలి. మరిగే ఎసట్లో పొడిపిండి వేస్తే పైపొర వేడికి జిగటై, లోపలి పిండికి నీరందక ఉండలు కడుతుంది. చన్నీళ్లలో దోసెల పిండికన్నా పలచగా కలిపి, కుండలో పోసి, మూతపెట్టి రాత్రంతా వదిలేస్తారు. తెల్లారేసరికి పైన తేట, కింద పిండి, సన్నని బుడగలు, ముక్కుకు తగిలే పులుపు. అప్పుడు వేరే గిన్నెలో బియ్యపు నూకలు ఉడికించి, అవి మెత్తబడ్డాక ఈ పులిసిన పిండిని సన్నటి ధారగా పోస్తూ తెడ్డుతో ఆపకుండా కలుపుతారు. రంగు ముదిరి, పచ్చివాసన పోయి, తడివేలు తగిలిస్తే పిండి అంటుకోకపోతే దించొచ్చు. చల్లారాక మజ్జిగ, ఉప్పు. కొన్ని ఇళ్లలో మజ్జిగకు బదులు తరవాణి పోస్తారు. గంజీ, బియ్యం కడుగూ ఒక కుండలో పోసి పులియబెట్టిన నీళ్లే తరవాణి. ఉడికిన అంబలిని మరో రాత్రి ఉంచి తాగేవాళ్లూ ఉన్నారు. పని దూరమైతే దాన్నే గట్టిగా చేసి, పొలంలో నీళ్లు కలుపుకుంటారు.

ఆ కుండను సబ్బుతో తోమరు. అందులో కూడా ఒక తెలివి ఉంది. మట్టి గోడల్లో మిగిలిన పులుపే మర్నాటి పిండికి తోడు. పాలను పెరుగు చేసే జాతి సూక్ష్మజీవులే ఇక్కడ పిండిలోని చక్కెరల్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం వల్లే మండువేసవిలో కూడా అంబలి త్వరగా పాడవదు. ఫ్రిజ్ లేని ఇంట్లో పగలంతా నిలిచే తిండి కావాలి మరి.

చోడిగింజ ఆవగింజంత ఉంటుంది. బియ్యంలా తవుడు తీసి పాలిష్ పట్టడం కుదరదు కాబట్టి పొట్టుతో సహా పిండి అవుతుంది. 100 గ్రాముల చోళ్లలో కాల్షియం 350 మిల్లీగ్రాముల పైచిలుకు, పాలిష్ బియ్యంలో 10 లోపు. అయితే ఆ పొట్టులోనే ఫైటిక్ ఆమ్లం ఉంటుంది. అది ఇనుమునూ కాల్షియాన్నీ పట్టుకుని ఒంటికి సరిగా అందనివ్వదు. పులియబెట్టినప్పుడు ఆ పట్టు సడలుతుంది. ఆ రాత్రిని ఎగ్గొట్టి జావ కాచుకుంటే పోయేది రుచి ఒక్కటే కాదు.

ఈ గింజ మనకు తూర్పు ఆఫ్రికా ఎత్తుభూముల నుంచి వేల ఏళ్ల కిందట వచ్చింది. ఉగాండాలో ఇప్పటికీ దీనితో బుషేరా అనే పుల్లటి పానీయం చేస్తారు. తమిళులు ఆడిమాసంలో మారియమ్మ గుళ్లలో ఇలాంటి అంబలినే కూళ్ పేరుతో పోస్తారు. కొండలు దాటితే ఒడిశా కొరాపుట్‌లో చోళ్లతో కాచేది మండియా పేజ్. ఇటు సీతంపేట, కురుపాం కొండల్లో సవరలు, జాతాపులు పోడులో చోళ్లు పండించుకుంటూనే వచ్చారు.

మైదానంలో మాత్రం 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక అంబలి వెనకబడింది. ఆ బియ్యం పేదింటి ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వంశధార, నాగావళి కాలవల కింద వరి పెరిగింది. అన్నం గౌరవమైంది, అంబలి పేదరికానికి గుర్తయింది. అంబలి తాగేవాడికి మీసాలెత్తేవాడొకడన్న సామెతలోనే ఆ చిన్నచూపు ఎప్పటినుంచో ఉంది.

పంట మాత్రం పోలేదు. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చోడి రకాల మీద పనిచేస్తూ, వాటిలో కొన్నింటికి ఈ నేల మీద పారే నదుల పేర్లు పెట్టింది. ఒకటి చంపావతి, మరొకటి వేగవతి. 2020 నాటి వేగవతి కిలో గింజల్లో ఇనుము 131 మిల్లీగ్రాములు. మామూలు రకాల్లో 25. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 మార్చిలో బడిపిల్లలకు బెల్లం కలిపిన రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల బడుల్లోనైనా అది మజ్జిగ పోసిన పులిసిన అంబలి అయితే ఇంకా మంచిదని గట్టిగా అనుకుంటాను. బెల్లం ఖర్చు మిగులుతుంది, వేసవిలో ఒంటికి చలవ. పైగా పిల్లలకు తమ అమ్మమ్మల తిండి బడిలో దొరికినట్టవుతుంది.

ఇంట్లో చేసుకోదలిస్తే పెద్ద పనేమీ కాదు. నాలుగు చెంచాల చోడిపిండి, రెండు గ్లాసుల నీళ్లు, ఒక చెంచా పుల్లమజ్జిగ కలిపి మట్టిపాత్రలో పెట్టండి. వేసవిలో ఒక రాత్రి చాలు, చలికాలంలో మర్నాటి సాయంత్రం దాకా ఆగాలి. పులిశాక పైన చెప్పినట్టే ఉడికించుకోండి. పుల్లటి వాసన కాక కుళ్లు వాసన వచ్చినా, పైన బూజు కనిపించినా పారబోయండి. మొదటిసారి పులుపు తక్కువగా ఉంటుంది. అడుగున గరిటెడు పిండి ఉంచి దాంట్లోనే మళ్లీ కలపండి, మూడోసారికి కుండ దారిలో పడుతుంది.