స్థానం వారి సత్యభామ

ఆడవేషం కట్టిన మగవాడిలో ప్రేక్షకుడు ముందుగా వెతికేది పోలికే. అచ్చం ఆడదానిలా ఉన్నాడా లేదా అని చూస్తాడు. తెలుగు రంగస్థల నటుడు స్థానం నరసింహారావు ఆ పోలిక దగ్గరే ఆగిపోలేదు. ఆడతనాన్ని గంపగుత్తగా అనుకరించకుండా, ఒక్కో పాత్రకు ఒక్కో స్త్రీని తయారుచేసుకున్నారు.

1902లో బాపట్లలో పుట్టిన స్థానం, 1920లో 'హరిశ్చంద్ర'లో చంద్రమతి వేషం వేయాల్సిన నటుడు రాకపోతే ఆ పాత్రతో రంగమెక్కారు. తరవాత తెనాలి రామవిలాస సభలో చేరారు. సురభి వంటి కుటుంబ సమాజాల్లో తప్ప ఆడవాళ్లు నాటకాలాడటం అరుదైన కాలమది. స్త్రీకి చోటివ్వని రంగస్థలమే ఈ విద్యను పెంచింది. ఆ సంగతి దాచి దీన్ని పొగడటం న్యాయం కాదు.

వెనక వరసలో కూర్చున్నవాడికి ముఖం సరిగా ఆనదు. పాత్ర ఎలాంటిదో నడక, మెడ విరుపు, పైట సర్దుకునే తీరు చెప్పాలి. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామది మొగుడు తన చెప్పుచేతల్లో ఉన్నాడన్న ధీమా. 'సారంగధర'లో చిత్రాంగిది సవతి కొడుకు మీద కోరిక, అది తీరక పుట్టిన పగ. 'విప్రనారాయణ'లో దేవదేవి పంతానికి వలపు నటించి, చివరికి తానే మారిపోతుంది. 'కన్యాశుల్కం'లో మధురవాణికి మాటే ఆయుధం. దేవదేవి, మధురవాణి ఇద్దరూ వేశ్యలే అయినా ఒకరి నడక మరొకరికి పెడితే పాత్ర చెడుతుంది. కట్టూ బొట్టూ చూపూ పాత్ర మనసును బట్టి కుదరాలి.

తులాభారంలో 'మీరజాలగలడా' పాట ఆయన రాసుకున్నదే. పల్లవి అందుకున్న ప్రతిసారీ భావం మార్చేవారు: ఒకసారి గర్వం, ఒకసారి మురిపెం, మరోసారి వెక్కిరింపు. ఒకే మాటను పలు భావాలతో విప్పడం కూచిపూడి భామాకలాపానికి కొత్త కాదు. అక్కడా అప్పట్లో భామ వేషం మగవారిదే. అయితే రాగం సాగదీసినవాడికే 'వన్స్ మోర్'లు పడే పద్యనాటకంలో, అభినయం కోసం పాటను వాడుకోవడం స్థానం వారి ప్రత్యేకత.

సినిమా ఈ విద్యకు అచ్చిరాలేదు. రంగస్థలం దూరాన్ని నమ్ముకుని పండిన వేషం కెమెరా దగ్గరికొస్తే నిలవదు. పైగా తెరకు నటీమణులు దొరికారు. ఆయన పాట మాత్రం 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' చిత్రంలో జమున అభినయానికి సుశీల గొంతుగా ఊరూరా మోగింది. 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం, తన అనుభవాలను 'నటస్థానం'గా రాసిపెట్టి 1971లో కన్నుమూశారు.

ఇవాళ సత్యభామ వేషానికి మగవాడు అక్కర్లేదు, అది మంచిదే. కానీ తన ఒంటికీ వయసుకూ దగ్గరి పాత్ర దొరికిన నటుడు సగం శ్రమ తప్పించుకోవచ్చు. స్థానానికి ఆ వెసులుబాటు లేదు. అడుగు వేసే తీరు దగ్గర్నుంచి అన్నీ ఆలోచించి సంపాదించుకోవలసి వచ్చింది. ఆడవేషాల రోజులు పోయినా ఆ ఆలోచించే పద్ధతి ఆడ, మగ తేడా లేకుండా ఏ నటుడికైనా పాఠమే.