మెత్తన వేరు, మృదువు వేరు

పుస్తక సమీక్షలు చదివేవారికి "మృదువైన శైలి", "కఠినమైన భాష" అన్న మాటలు కొత్త కావు. ఈ జంటను మన విమర్శకులు ఎంత ధారాళంగా వాడతారంటే, అవి మొదట చేతికి సంబంధించిన మాటలన్న సంగతే మరుగున పడింది. నిఘంటువులు కూడా చాలావరకు మెత్తన అంటే మృదువు, గట్టి అంటే కఠినం అని చెప్పి ఊరుకుంటాయి. ఈ సమీకరణం నిలవదని నా అభిప్రాయం.

వంటింటి మాటలే చూద్దాం. పప్పు మెత్తగా ఉడికిందంటే, వేళ్ల మధ్య నొక్కితే నలిగిందని. పిండి మెత్తగా ఉందంటే నొక్కి చూసిన మాట కాదు. చిటికెడు తీసి బొటనవేలితో రాసి, రవ్వ తగలలేదని తేల్చుకున్న మాట. అప్పడం మెత్తబడిందంటే, విరగవలసినది వంగుతున్నదని ఫిర్యాదు. ఈ మూడు చోట్లా "మృదువు" పెట్టి చూడండి, ఒక్కచోటా అతకదు. గట్టి పెరుగును కఠినమైన పెరుగు అనగలమా? అక్కడ గట్టికి ఎదురుమాట మెత్తన కాదు, పలుచన. బెండకాయ సంగతి మరీ విచిత్రం. కొస టప్పున విరిగితే లేత, వంగి పీచుతో వేలాడితే ముదురు. అన్నంలో పలుకు ఉందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసి చెప్తాం. ఆ పలుకును "కాఠిన్యం" అనే సాహసం ఇంతవరకు ఎవరూ చేసినట్టు లేదు.

సూసన్ లెడర్మన్, రొబర్టా క్లాట్జ్‌కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1987లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ ఉపకరిస్తుంది. కళ్లకు గంతలు కట్టి వస్తువులు చేతికిస్తే, తెలుసుకోవలసిన గుణాన్ని బట్టి చేతి కదలిక మారుతుందని వారు చూపారు. గట్టిదనం కోసం నొక్కుతారు, గరుకుదనం కోసం పక్కలకు రాస్తారు, వేడి తెలియడానికి చేయి కదపకుండా ఆనిస్తారు, బరువు తెలియడానికి ఎత్తి పట్టుకుంటారు. నునుపు, గరుకు అన్నవి రాసే చేతి మాటలు. పెళుసు విరిచే చేతి మాట. మెత్తన మాత్రం వస్తువును బట్టి చేతిని మార్చుకుంటుంది. మృదువు ఏ చేతి పనినీ చెప్పదు. తగిలినప్పటి సుఖాన్ని మాత్రమే చెప్తుంది. విమర్శలో అది మెప్పుగా చలామణి కావడానికి కారణం ఇదే.

ఈ విషయంలో పూర్వ విమర్శకులే నయం. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అన్నారు. ద్రాక్ష నోట్లో వేసుకుంటే చాలు, అరటిపండు తొక్క ఒలవాలి, కొబ్బరికాయ పగలగొట్టాలి. పద్యం ముందు పాఠకుడు ఏం చేయాలో ఆ మాటల్లో ఉంది. "మృదువైన శైలి"లో అది లేదు.

దీనివల్ల నష్టపోయేది ముఖ్యంగా మన విద్యార్థులు. ఇంట్లో విన్న సరైన మాటను వదిలి, పుస్తకంలోని మాటను నెత్తికెత్తుకుంటారు. తప్పు వారిది కాదు. చాలా ఏళ్ల కిందట తమిళనాట పుట్టిపెరిగిన తెలుగు విద్యార్థిని ఒకరు తన వ్యాసంలో కూర్చునే దిండును "మెత్త" అని రాసింది. తమిళ "మెత్తై" ప్రభావం అనుకుని ఎర్రసిరాతో కొట్టేశాను. బ్రౌన్ నిఘంటువులో ఆ మాట ఉంది. తెలంగాణలో తలకింద దిండును ఇప్పటికీ మెత్త అనే అంటారు. ఆ కొట్టివేత పక్కన నేను రాసిన సవరణ: "మృదువైన ఆసనము".